స్తూపం నుంచి పుట్టిన చైనీస్ అక్షరం ‘థా’: పుట్టుక, ఉచ్చారణ, అర్థాలు

మీరు అడిగినవి మూడు సంగతులు. చైనాలోని షియాన్ నగరంలో ఉన్న ఎత్తైన ఇటుక కట్టడం పేరు చివర కనిపించే అక్షరానికీ మన ‘స్తూపం’ అనే మాటకూ సంబంధం ఉందా అన్నది మొదటిది. ఆ అక్షరం ‘మట్టి దిబ్బ, దాని మీద గడ్డి, కింద గుమిగూడిన మనుషులు’ అనే బొమ్మ నుంచి వచ్చిందని ఒక వీడియోలో చెప్పినది నిజమేనా అన్నది రెండవది. స్తూపానికి సంబంధించిన అక్షరమే అయితే తాలిబాన్ల పేరులోనూ టాటా సంస్థ పేరులోనూ అది ఎందుకు కనిపిస్తోందన్నది మూడవది. మొదటి ప్రశ్నకు జవాబు అవును, రెండవదానికి కాదు. మూడవదానికి జవాబు ఈ రెండూ తేలిన తరువాత దానంతట అదే తేలుతుంది కనుక వరుసగా వెళ్దాం.

ముందుగా అక్షరాన్ని గుర్తుపట్టే విషయం. యూనికోడ్ పట్టికలో దీని సంఖ్య 5854. అక్షరానికి ఎడమవైపు ‘మట్టి’ అనే అర్థమున్న చిన్న అంగం ఉంటుంది: ఒక అడ్డగీత, దాన్ని ఖండించే నిలువు గీత, అడుగున కుడివైపుకు పైకి లేచే మరో గీత. కుడివైపు పైభాగంలో గడ్డిని సూచించే అంగం, ఒక అడ్డగీత మీద రెండు చిన్న నిలువు గీతలుగా ఉంటుంది. దాని కింద ఇంటి కప్పులా రెండు వైపులకు జారే రెండు గీతలు, ఆ కప్పు కింద ఒక పొట్టి అడ్డగీత, అన్నిటికంటే అడుగున నలుచదరపు ‘నోరు’. చైనా, జపాన్ దేశాల నేటి లెక్క ప్రకారం మొత్తం 12 గీతలు. తైవాన్‌లో గడ్డి అంగాన్ని నాలుగు గీతలుగా రాస్తారు కనుక అక్కడి నిఘంటువులో ఇది 13 గీతల కింద దొరుకుతుంది. గీతల సంఖ్యను బట్టి వెతికేవారికి ఈ తేడా తెలియకపోతే అక్షరం దొరకనే దొరకదు.

ఇప్పుడు ఆ వీడియో చెప్పిన కథ సంగతి. చైనీస్ అక్షరాలన్నీ బొమ్మలే అన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. సూర్యుడు, చెట్టు, కొండ వంటి కొద్ది అక్షరాల విషయంలో అది నిజమే గాని, అక్షరాల్లో అత్యధిక భాగం వేరే పద్ధతిలో తయారయ్యాయి. ఒక అంగం అర్థం ఏ కోవకు చెందుతుందో చెబుతుంది, రెండవ అంగం ఉచ్చారణ ఎలా ఉంటుందో చెబుతుంది. ‘థా’ కూడా అలాంటిదే. ఎడమవైపు ఉన్న మట్టి అర్థాన్ని సూచిస్తుంది. కోటగోడ, గోడ, దేవపీఠం, సమాధి మొదలైన కట్టడాల అక్షరాల్లో కూడా ఇదే అంగం ఉంటుంది. కుడివైపు ఉన్న గడ్డి, కప్పు, గీత, నోరు అన్నీ కలిపి ఒకే అక్షరం, దాని ఉచ్చారణ ‘దా’. అది ఒక రకం చిన్న చిక్కుడు గింజకు పూర్వకాలంలో ఉన్న పేరు. తరువాతి కాలంలో ‘జవాబు’ అనే అర్థంలోనూ వాడారు. ‘థా’లో దానికి చిక్కుడు అర్థమూ లేదు, జవాబు అర్థమూ లేదు. కేవలం ధ్వని కోసం తెచ్చి పెట్టినది. ఇదే కుడి భాగానికి ‘చెయ్యి’ అంగం చేరిస్తే ‘దా’ అనే మరో అక్షరం వస్తుంది, దానికి తగిలించడం, ఒకదాని మీద ఒకటి వేయడం అని అర్థం. అక్కడా మనుషులు గుమిగూడిన గడ్డి దిబ్బ ఏదీ లేదు. గీతలు గుర్తుంచుకోవడానికి అలాంటి కథలు పనికొస్తాయి, నేనూ కాదనను. చరిత్రగా మాత్రం అవి నిలవవు.

పైగా ఈ అక్షరం అంత పాతది కూడా కాదు. చైనా నిఘంటువులకు మూలమైనది షూ షెన్ అనే పండితుడు క్రీ.శ. 100లో పూర్తి చేసిన ‘షువోవెన్ జ్యెజ్’. తొమ్మిది వేలకు పైగా అక్షరాలను వివరించిన ఆ గ్రంథంలో ‘థా’ లేదు. ఎముకల మీదా కంచు పాత్రల మీదా చెక్కిన ప్రాచీన లేఖనాల్లో దీనికి పూర్వరూపం వెతకడం కూడా వృథా శ్రమే, ఎందుకంటే ఆ కాలంలో చైనీయులకు స్తూపమనే వస్తువే తెలియదు. దీని గురించి అందరికంటే స్పష్టంగా చెప్పినవాడు 7వ శతాబ్దపు థాంగ్ యుగంలో బౌద్ధ గ్రంథాల కఠిన పదాలకు నిఘంటువు కూర్చిన ష్వాన్‌యింగ్ అనే భిక్షువు. ఈ అక్షరం ఇతర గ్రంథాల్లో ఎక్కడా లేదనీ, గ హొంగ్ రాసిన ‘జ్-యువెన్’ అనే అక్షర గ్రంథంలో మాత్రమే ‘బుద్ధుని మందిరం’ అనే అర్థంతో ఉందనీ ఆయన రాశాడు. గ హొంగ్ 4వ శతాబ్దపు తొలి భాగానికి చెందినవాడు. ఆయన గ్రంథం మనకు దక్కలేదు, ఇలా ఇతరులు ఉదహరించిన ముక్కలే మిగిలాయి. ఆ తరువాత చాలా కాలానికి, 986లో, షూ ష్వాన్ అనే పండితుడు షువోవెన్‌ను సరిదిద్ది వెలువరించినప్పుడు మూలంలో లేని 402 అక్షరాలను అనుబంధంగా చేర్చాడు. వాటిలో ‘థా’ ఒకటి. దాని కింద ఆయన రాసిన వివరణ చాలా చిన్నది: పశ్చిమ దేశాల ‘ఫూథూ’ అనీ, మట్టి అంగం అర్థానికి, ‘దా’ అంగం ధ్వనికి అనీ. వీడియో కథ తప్పని తేల్చడానికి ఆ ఒక్క వాక్యమే చాలు.

ఇక్కడ ‘ఫూథూ’ అంటే ఏమిటో చెప్పాలి. అది నిజానికి ‘బుద్ధ’ అనే పేరును చైనీయులు మొదటగా విన్న తీరులో రాసిన రూపం; ఆనాటి ఉచ్చారణలో మొదటి అక్షరం బకారంతోనూ రెండవది దకారంతోనూ మొదలయ్యేవి. క్రీ.శ. 65 నాటి ఒక రాజశాసనంలోనే ఆ మాట ఉంది. కాలక్రమంలో బుద్ధునికి ‘ఫో’ అనే ఒంటి అక్షరం స్థిరపడి, ‘ఫూథూ’ ఆయన పేరుతో కట్టిన కట్టడం మీదికి జారిపోయింది. లోయాంగ్ నగరంలో 516లో కట్టిన తొమ్మిది అంతస్తుల మహా కట్టడాన్ని (అది కొయ్యది, 534లో కాలిపోయింది) ఆ కాలపు రచయితలు ‘ఫూథూ’ అనే పేర్కొన్నారు. ‘ఒక ప్రాణాన్ని కాపాడడం ఏడంతస్తుల ఫూథూను కట్టించడం కంటే మిన్న’ అనే సామెతలో ఈ పాత మాట ఇప్పటికీ బతికి ఉంది; చైనీస్ సీరియళ్లు చూసేవారికి ఆ సామెత తప్పక తగులుతుంది.

అంటే ఒకే వస్తువుకు చైనాలో చాలా కాలం రెండు మూడు పేర్లు పక్కపక్కనే నడిచాయన్నమాట. 554లో పూర్తయిన ‘వెయ్’ రాజవంశ చరిత్రలో దాని రచయిత వెయ్ షోవ్ బౌద్ధ, తావో మతాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించి, అందులో ‘థా’ కూడా విదేశీయుల మాటేననీ, చైనీయుల పితృదేవతల ఆలయం వంటిదనీ, అందుకే జనం ‘థా-మ్యావ్’ (స్తూపాలయం) అంటారనీ వివరించాడు. ఆరవ శతాబ్దంలో కూడా చదువుకున్నవారికి ఇది పరాయి మాటేనని చెప్పవలసి వచ్చిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక ధ్వని సంగతి. ఈ అక్షరంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే కనుక కొంచెం నిదానంగా చెబుతాను. ‘థా’ సంస్కృత ‘స్తూప’ శబ్దం నుంచి నేరుగా రాలేదు. ప్రాకృత భాషల్లో ‘స్త’ అనే సంయుక్తాక్షరం పదం మొదట ‘థ’గా, మధ్యలో ‘త్థ’గా మారుతుంది, హస్తం ‘హత్థ’ అయినట్టే స్తూపం ‘థూప’ అయింది. పాళీ భాషలో ‘థూప’ అనే రూపమే ఉంది, శ్రీలంకలోని అనూరాధపురంలో ఉన్న థూపారామం పేరు అదే. నేపాల్ తరాయిలోని నిగాలీ సాగర్ వద్ద దొరికిన అశోకుని స్తంభ శాసనంలో, కనకముని బుద్ధుని స్తూపాన్ని రెట్టింపు చేయించాడని చెప్పే చోట, ‘థుబే’ అని చెక్కి ఉంది. చైనాకు బౌద్ధాన్ని మొదట మోసుకెళ్లినవారు మధ్య ఆసియా మీదుగా వెళ్లిన భిక్షువులు, వర్తకులు. వారి నోట వినబడినది ఇలాంటి ప్రాకృత రూపమే. మొదట సకారం లేని, థకారంతో మొదలై పకారం వినిపించే మాట.

ఆ మాటను చైనీయులు ఒకే అక్షరంలో ఇమిడ్చారు. చివరి అచ్చును వదిలేసి పకారం దగ్గర ఆపేశారు, ఎందుకంటే ఆనాటి చైనీస్‌లో ప, త, క లతో ముగిసే ఒంటి అక్షరాలు సహజంగా ఉండేవి. అప్పటి ఉచ్చారణ మనకెలా తెలుసంటే, పాత నిఘంటువులు ఒక అక్షరం పలికే తీరును మరో రెండు అక్షరాలతో చెప్పేవి: మొదటి అక్షరంలోని తొలి హల్లు, రెండవ అక్షరంలోని మిగతా భాగం కలిపి పలకాలి. షూ ష్వాన్ దీనికి ‘థు’, ‘హాప్’ అని పలికే రెండు అక్షరాలు ఇచ్చాడు. థు నుంచి థకారం, హాప్ నుంచి ‘ఆప్’ తీసుకుంటే ‘థాప్’ వస్తుంది. ఆయన వాడిన ఆ ‘థు’ అక్షరం మరేదో కాదు, ఈ అక్షరానికి ఎడమవైపు ఉన్న ‘మట్టి’యే. అంతకుముందు ష్వాన్‌యింగ్ ఇచ్చిన సూచనలో రెండవ అక్షరం వేరు, అది ‘థా’కు కుడివైపు అడుగున, కప్పు, గీత, నోరు కలిసి ఏర్పడే అక్షరం. దాన్నిప్పుడు ‘హ’ అని పలుకుతారు, ‘కలియు’ అని అర్థం. ఆనాడు అది కూడా పకారంతోనే ముగిసేది, కాని దాని అచ్చును పరిశోధకులు అకారానికీ ఒకారానికీ నడిమి ధ్వనిగా పునర్నిర్మిస్తారు. ‘థూప’లోని ఊకారం చైనీస్‌లో ఆకారం ఎలా అయిందని ఎవరైనా అడిగితే ఈ రెండు సూచనలనూ పక్కపక్కన పెట్టి చూడమంటాను: పాతదానిలో అచ్చు మూలానికి కొంత దగ్గరగా, కొత్తదానిలో పూర్తిగా ఆకారంగా ఉంది.

నేటి ప్రామాణిక చైనీస్‌లో ఆ పకారం లేదు. ఉత్తరాది మాటతీరులో అక్షరాల చివరి ప, త, క లు క్రమంగా రాలిపోయాయి. 1324లో జోవ్ దెచింగ్ అనే ఆయన నాటకపు పాటల ప్రాసలను కూర్చిన గ్రంథంలో, ఒకప్పుడు వీటితో ముగిసిన అక్షరాలను మిగతా స్వరాల (స్వరమంటే అక్షరాన్ని పలికేటప్పుడు గొంతును ఎత్తే, దించే తీరు) కింద పంచి చూపించాడు. ‘థా’ను అక్కడ మూడవ స్వరానికి దీటైన వర్గంలో చేర్చాడు. ఈ రోజు బీజింగ్ ఉచ్చారణ కూడా మూడవ స్వరమే.

మీరు దీన్ని ఎలా పలకాలన్నది ఇక్కడే చెప్పడం మంచిది. రోమన్ లిపిలో దీన్ని టీ, ఏ అనే రెండు అక్షరాలతో రాస్తారు కనుక మన విద్యార్థులు ‘టా’ అనో ‘తా’ అనో చదువుతారు. రెండూ తప్పే. చైనీస్ రోమన్ పద్ధతిలో ఆ టీ అక్షరం ఒత్తు ఉన్న థకారాన్ని సూచిస్తుంది, ఒత్తు లేని తకారానికి వాళ్లు డీ అక్షరం వాడతారు. (అందుకే నేను పైన ‘దా’ అని పత్రికల అలవాటు ప్రకారం రాసినవి నిజంగా పలకవలసింది ‘తా’కు దగ్గరగా.) తెలుగు లిపిలో థకారం ఉంది కాబట్టి రాయడం మనకు సుళువు, పలకడంలోనే ఇబ్బంది, ఎందుకంటే మనలో చాలామంది ‘కథ’ను ‘కధ’ అని పలుకుతాం. నాలుకను పై పళ్ల వెనుక ఆనించి, గాలిని గట్టిగా వదిలి, గొంతు నాదం ఏమాత్రం కలవకుండా పలకాలి. అరచేతిని నోటి ముందు పెట్టుకుంటే గాలి తగలాలి. స్వరం విషయానికొస్తే, గొంతును బాగా కిందికి దించి అక్కడే నిలపాలి. ఒంటరిగా పలికినప్పుడు చివర కాస్త పైకి లేస్తుంది. స్వరం మారితే మాటే మారిపోతుంది: ఎత్తులో సమంగా పలికితే ‘అతడు’, పైనుంచి కిందికి కొట్టినట్టు పలికితే ‘తొక్కు’. రెండు మూడవ స్వరాలు పక్కపక్కన వస్తే మొదటిది పైకి లేచే స్వరంగా మారుతుంది. ‘పావ్-థా’ (రత్న స్తూపం), ‘థ్యె-థా’ (ఇనుప స్తంభం) రెండింటిలోనూ ఇది జరుగుతుంది. ఆ మాటల్లో మారేది ముందున్న అక్షరం స్వరమే గాని ‘థా’ స్వరం కాదు.

ఉత్తర చైనా పోగొట్టుకున్న పకారాన్ని చుట్టుపక్కల భాషలు దాచిపెట్టుకున్నాయి. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్‌లో ఇది ‘థాప్’. కొరియన్‌లో ‘థప్’. వియత్నామీలో ‘థాప్’. కొరియాలోని గ్యాంగ్‌జు నగరంలో బుల్గుక్సా ఆలయ ప్రాంగణంలో 8వ శతాబ్దపు రాతి స్తూపాలు రెండున్నాయి, వాటి పేర్లు సొక్గా-థప్, దబో-థప్; అందులో సొక్గా అంటే శాక్యముని. ఈ పకారాన్ని పలికేటప్పుడు పెదవులు మూసి అక్కడే ఆగిపోవాలి. మనకు చివర ఉకారం చేర్చే అలవాటు ఉంది కనుక ‘థాపు’ అయిపోకుండా చూసుకోవాలి. షాంఘై మాటతీరులోనూ తైవానీస్‌లోనూ పెదవులు మూసుకోవు. దాని బదులు గొంతులో చిన్న అడ్డుపాటు మాత్రం మిగిలింది. జపాన్ దారి వేరు. వాళ్లు చివరి పకారానికి అచ్చు చేర్చి పలికారు. పాత జపనీస్ వర్ణక్రమంలో ఇది ‘తఫు’, కాలక్రమంలో అది ‘తవు’ అయి, నేడు ‘తో’ అనే దీర్ఘం మిగిలింది. అయిదంతస్తుల కొయ్య స్తూపాన్ని ‘గోజూ-నో-తో’ అంటారు.

జపనీస్‌లోనే మరో రూపం కూడా ఉంది, ‘సొతొబ’. శ్మశానాల్లో సమాధి వెనుక నిలబెట్టే, పైభాగం గాట్లు పెట్టి చెక్కిన సన్నని పొడవాటి చెక్కపలకలను అలా పిలుస్తారు. అందులో మూడు అక్షరాలుంటాయి, మధ్యది మన ‘థా’యే. ఇది ప్రాకృత రూపం నుంచి కాక సకారంతో కూడిన ‘స్తూప’ నుంచి వచ్చినది. ఒక భాషలోనే ‘థూప’ కూ ‘స్తూప’ కూ వారసులు వేరువేరు అర్థాలతో స్థిరపడడం అరుదైన విషయం.

‘స్తూప’ రూపానికి చైనాలో అందరికంటే గట్టిగా నిలబడినవాడు మనం పాఠ్యపుస్తకాల్లో హ్యూయన్‌త్సాంగ్‌గా చదువుకున్న యాత్రికుడు. సంస్కృతం బాగా నేర్చి 645లో స్వదేశం చేరిన ఆయనకు పాత అనువాదకుల పొట్టి రూపాలు నచ్చలేదు. మూలానికి తగ్గట్టుగా మూడు అక్షరాలతో, ఆనాటి ఉచ్చారణలో దాదాపు ‘సుత్-తు-ప’ అయ్యేలా రాశాడు. ఆయన బృందానికి చెందిన ష్వాన్‌యింగ్ తన నిఘంటువులో ‘థా’, ‘థాపో’, ‘దోవ్‌పో’ వంటివన్నీ అపభ్రంశాలేనని తేల్చి, ఈ మూడక్షరాల రూపమే సరైనదన్నాడు. పండితులుగా వాళ్లు చెప్పింది నిజమే. జనం మాత్రం వినలేదు. ఒక అక్షరంతో పని జరిగే చోట మూడక్షరాలు ఎవరు పలుకుతారు? ఆ యాత్రికుడే భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టించిన షియాన్ కట్టడానికి కూడా చివరికి నిలిచిన పేరు ‘దా-యెన్-థా’, అంటే ‘పెద్ద అడవిబాతు థా’. మొదట కట్టినది శిథిలమైతే 8వ శతాబ్దపు తొలి ఏళ్లలో మళ్లీ కట్టారు. ఇప్పుడున్నది ఏడంతస్తులు, సుమారు 64 మీటర్ల ఎత్తు.

మన ప్రాంతం గురించి కూడా ఆయన తన యాత్రా గ్రంథంలో (646) రాశాడు కనుక ఒక మాట. ఆంధ్రదేశం పేరును మూడక్షరాలతో ‘అన్-దా-లువో’ అని రాసి, ఇక్కడి మాట మధ్య భారతదేశపు మాటకు భిన్నమైనదనీ, రాత మాత్రం చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటుందనీ చెప్పాడు. పండితులు వేంగిగా గుర్తించిన రాజధానికి దగ్గరలో ఒక పెద్ద ఆరామం ముందు వందల అడుగుల ఎత్తున రాతి స్తూపం ఉందని వర్ణించాడు. అక్కడ వాడినది కూడా ‘సుత్-తు-ప’యే, ‘థా’ కాదు. ధాన్యకటకం గురించిన భాగంలో పూర్వశైల, అపరశైల ఆరామాల ప్రస్తావన ఉంది. అమరావతి, నాగార్జునకొండ శాసనాలు తమ ప్రధాన స్తూపాన్ని ‘మహాచేతియ’ అంటాయి. ఆ చైత్య శబ్దానికి చైనీస్‌లో ‘జ్-థీ’ అనే వేరే రూపం ఉంది, దాన్ని ‘థా’తో కలపకూడదు. అన్నట్టు అమరావతి స్తూపం మట్టిలో కప్పబడి ఉన్న కాలంలో ఊరివారు దాన్ని ‘దీపాలదిన్నె’ అనేవారు. ఈ అక్షరానికి మట్టి అంగాన్ని ఎంచుకున్నవారు ఆ పేరు వింటే సంతోషించేవారేమో.

అర్థం సంగతికి వస్తే, అక్షరం పుట్టిన నాటి నుంచి నేటికి అందులో పెద్ద మార్పు జరిగింది. మన స్తూపం బోర్లించిన గిన్నె వంటి అండం. లోపలికి పోయే దారి ఉండదు, చుట్టూ ప్రదక్షిణం చేస్తారు, పైన చిన్న ఛత్రాలుంటాయి. చైనాలో అప్పటికే అంతస్తుల మేడలు కట్టే సంప్రదాయం బలంగా ఉంది. 2వ శతాబ్దం చివర జ రొంగ్ అనే అధికారి కట్టించిన బౌద్ధ మందిరంలో పైన తొమ్మిది కంచు పళ్లాలు వరుసగా వేలాడాయనీ, కింద అంతస్తుల మేడ ఉందనీ చరిత్రకారులు రాశారు. ఆ పళ్లాలు మన ఛత్రాలకు ప్రతిరూపాలు. అంటే మేడ పెరిగి పెద్దదై, స్తూపం దాని శిఖరాన చిన్న తలకట్టుగా మిగిలింది. హనాన్ రాష్ట్రంలో సొంగ్ పర్వతం మీద 523లో కట్టిన పన్నెండు భుజాల ఇటుక కట్టడం, 1056లో కట్టిన సుమారు 67 మీటర్ల యింగ్‌షియన్ కొయ్య కట్టడం ఈ తరహావే. అందువల్ల ‘థా’ అనగానే చైనీయుల మనసులో మెదిలేది అండం కాదు, నిటారుగా లేచిన అంతస్తుల కట్టడం. అయితే గుండ్రని రూపానికీ ఈ పేరు పోలేదు. కుబ్లయ్ ఖాన్ కాలంలో నేపాల్ శిల్పి అరనికో బీజింగ్‌లో నిర్మించి 1279లో ముగించిన తెల్లని స్తూపం టిబెట్ తరహాది. దాని పేరు ‘పై-థా’, అంటే తెల్ల థా. సాంచి మహాస్తూపాన్ని చైనీస్‌లో ‘సాంగ్‌చీ దా-థా’ అంటారు. ఇవాళ భారతీయ అండాకార స్తూపాన్నే ప్రత్యేకించి చెప్పవలసి వచ్చినప్పుడు కళాచరిత్రకారులు ఆ పాత మూడక్షరాల రూపాన్ని మళ్లీ వాడుతున్నారు.

సమాధి అనే మూలార్థం కూడా పూర్తిగా పోలేదు. షావోలిన్ ఆలయం పక్కన దివంగత భిక్షువుల స్మారకాలుగా రెండు వందలకు పైగా చిన్న చిన్న కట్టడాలున్న ప్రదేశాన్ని ‘థా-లిన్’, థాల అడవి అంటారు. తైవాన్‌లో అస్థికల కలశాలను ఉంచే బహుళ అంతస్తుల భవనాన్ని ‘లింగ్-గు-థా’ అంటారు. వియత్నాం మాత్రం దీన్ని బౌద్ధం వెలుపలికి తీసుకుపోయింది: చంపా రాజ్యం నాటి ఇటుక హిందూ దేవాలయాలను అక్కడ ‘థాప్ చాం’ అంటారు, ఆ పేరుతో ఊరే ఉంది.

ఒకసారి ‘ఎత్తుగా, పైకి సన్నబడుతూ పోయే కట్టడం’ అనే అర్థం స్థిరపడ్డాక మతంతో పని లేకుండా అది ఎక్కడికైనా పోగలదు, పోయింది. దీపస్తంభం ‘దంగ్-థా’, వాటర్ ట్యాంకు ‘ష్వే-థా’, విమానాశ్రయంలోని కంట్రోల్ టవర్ ‘థా-థై’, కరెంటు తీగలు మోసే ఇనుప టవర్ ‘థ్యె-థా’, పారిస్‌లోని ఐఫిల్ టవర్ కూడా థ్యె-థాయే. కుతుబ్ మినార్‌కూ ఈ అక్షరమే. ఈజిప్టు పిరమిడ్‌కు పెట్టిన పేరు వీటన్నిటిలో చమత్కారమైనది: ‘జిన్-జ్-థా’, అంటే ‘జిన్ అనే అక్షరం ఆకారంలో ఉన్న థా’. జిన్ అంటే బంగారం. ఆ అక్షరాన్ని రాస్తే రెండు వైపులా జారే కప్పు కింద అడ్డగీతలతో త్రిభుజంలా కనిపిస్తుంది. బంగారంతో ఆ పేరుకు ఏ సంబంధమూ లేదు. మన పత్రికల్లో ఒకటి రెండుసార్లు ‘చైనీయులు పిరమిడ్‌ను బంగారు గోపురమంటారు’ అని చదివాను, అది పొరపాటు.

ఇప్పుడు మీ మూడవ ప్రశ్న. చైనీస్‌లో విదేశీ పేర్లు రాయాలంటే ధ్వనికి దగ్గరగా ఉన్న అక్షరాలనే వాడాలి, వేరే లిపి లేదు. ఏ ధ్వనికి ఏ అక్షరం వాడాలో చైనా అధికార వార్తాసంస్థ పట్టికలు తయారు చేసి పెట్టింది, వాటిలో ‘తా’, ‘టా’ ధ్వనులకు నియమితమైనది ఇదే. తాలిబాన్, తజికిస్తాన్, తాష్కెంట్, తారిం లోయ, టాటా సంస్థ (అందులో ఇది రెండుసార్లు) అన్నీ ఆ లెక్కలోనివే. అక్కడ స్తూపమూ లేదు, టవరూ లేదు. అర్థం చూడాలా, ధ్వని మాత్రమే చూడాలా అన్నది పక్కనున్న అక్షరాలను బట్టి, సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ఎస్టోనియా రాజధాని టాలిన్‌ను రాసే రెండక్షరాలూ, పైన చెప్పిన షావోలిన్ థా-లిన్ అక్షరాలూ అచ్చంగా ఒకటే! వార్తలో ‘థా-లిన్‌లో సమావేశం’ అని ఉంటే ఏ చైనీయుడూ భిక్షువుల సమాధుల మధ్య సమావేశమని అనుకోడు. తైవాన్‌లో ఇంగ్లీషు ‘టార్ట్’ అనే తీపి వంటకానికి కూడా ఇదే అక్షరం వాడతారు, గుడ్డుతో చేసేది ‘దన్-థా’. కోల్‌కతా పేరు చివర మాత్రం ఇది ఉండదు, దీని తోబుట్టువైన ‘దా’ (జవాబు) అక్షరం ఉంటుంది. అది కలకత్తా అనే పాత రూపాన్ని బట్టి రాసినది. ఆంధ్ర పేరును ఇప్పుడు ‘అన్-ద-లా’ అని, ఆ యాత్రికుడు వాడిన అక్షరాలతో కాక వేరే అక్షరాలతో రాస్తున్నారు.

ఒక చిన్న మినహాయింపు మిగిలింది. ఉత్తర చైనాలో కొన్ని ఊళ్ల పేర్లలో ‘గ-థా’ అని చదవబోయే రెండక్షరాలు కనిపిస్తే అక్కడ రెండవదాన్ని స్వరం లేకుండా తేలికగా ‘ద’ అని పలకాలి. గడ్డ, మిట్ట అని దాని అర్థం. అక్కడ ఈ అక్షరాన్ని వాడుక మాటను రాయడానికి అరువు తెచ్చుకున్నారు. లెక్కపెట్టేటప్పుడు పర్వతాలకు, వంతెనలకు, పెద్ద భవనాలకు వాడే ‘జువో’ అనే పరిమాణ పదాన్నే దీనికీ వాడాలి: ఒక థా అనడానికి ‘యీ జువో థా’.